టాప్ తీసే కారులో కిర్రు శబ్దం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఇప్పుడు కన్వర్టిబుల్ కార్లు బాగానే తిరుగుతున్నాయి. మినీ కూపర్లు, బీఎండబ్ల్యూ జెడ్4లు, పాత మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కేలు, వీటికి తోడు గుడ్డ టాప్ థార్‌లు. మా మెకానిక్ షెడ్డుకు వచ్చే తెలుగువాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే మాట: "అన్నా, ఎక్కణ్నుంచో కిర్రు కిర్రుమంటోంది, రెండు మూడు చోట్ల చూపించాను, ఎవరికీ దొరకట్లేదు." దొరక్కపోవడానికి పనిమంతుల లోటు ఒక్కటే కారణం కాదు. ఆ శబ్దం ఎప్పుడు వస్తోందో ఎవరూ అడగరు, ఎక్కడ వస్తోందని మాత్రమే వెతుకుతారు. దాంతో అక్కర్లేని పార్టులు మారిపోతాయి, డబ్బు పోతుంది, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: ఇంత డబ్బు పోసి కొన్న బండి కిర్రుమంటే అది తయారీ లోపమే.

చెప్పుల డబ్బా మూత తీసి, రెండు చివర్లు పట్టుకుని మెలితిప్పి చూడండి, విషయం అర్థమవుతుంది. మామూలు కారులో పైకప్పు ఎండావానల కోసమే కాదు, బాడీ మెలితిరగకుండా పట్టి ఉంచేది కూడా అదే. అది లేనప్పుడు ఆ పనంతా ఫ్లోరు మీదా, డోర్ల కింద ఉండే సిల్స్ మీదా పడుతుంది. అందుకని కంపెనీలు సిల్స్ గట్టిపరుస్తాయి, అడుగున ఏటవాలుగా బ్రేసులు, అంటే ఊత కడ్డీలు, బిగిస్తాయి, అదే మోడల్ మామూలు కారు కంటే కన్వర్టిబుల్ బరువెక్కువ ఉండడానికి ఇదో ముఖ్య కారణం. (థార్ సంగతి వేరు, దానికి కింద విడిగా చాసిస్ ఉంటుంది.) అంత చేసినా ఒక చక్రం గుంతలో దిగినప్పుడు బాడీ కొంచెం మెలితిరుగుతుంది, డోరుకూ ఫ్రేముకూ మధ్య సందు కాస్త మారుతుంది, అక్కడున్న రబ్బరు పెయింటు మీదో అద్దం మీదో పట్టి జారి, పట్టి జారి కిర్రుమంటుంది. ఒక మూల జాకీ పెట్టి లేపినప్పుడు ఇలాంటి కార్ల డోర్లు మేం తెరవనివ్వం. తెరిస్తే మళ్లీ సరిగ్గా పడకపోవచ్చు.

దీనికి మన రోడ్లు తోడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగానికి వేసే హంప్ బండి పోయే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మన లేఅవుట్లలో చాలాచోట్ల రోడ్డుకు అడ్డంగా సన్నటి గట్టు పోసి వదిలేస్తారు, దాన్ని తప్పించుకోవడానికి అందరూ బండిని ఏటవాలుగా ఎక్కిస్తారు. కన్వర్టిబుల్ బాడీని ఎక్కువగా మెలితిప్పేది సరిగ్గా అదే. కాబట్టి కొద్దిపాటి కిర్రు వస్తే కంగారు పడకండి, అలాగని భరించాల్సిన అవసరమూ లేదు.

అపోహ: శబ్దం చెవికి ఎక్కడ వినిపిస్తే లోపం అక్కడే.

నాకు అన్నిటికంటే ఎక్కువ పని పెట్టేది ఈ నమ్మకమే. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్ల వేగంతో పోతే ఉక్కులో సుమారు 5 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే కింద పుట్టిన శబ్దం రేకులో పాకి ఇంకెక్కడో బయటపడొచ్చు, పైగా ముందు అద్దానికి తగిలి తిరిగొస్తుంది. శబ్దం కుడివైపా ఎడమవైపా అన్నది మన చెవి బాగానే పోల్చుకుంటుంది గానీ, పైనుంచా కిందనుంచా అన్న దగ్గర తికమక పడుతుంది.

మారతహళ్లి నుంచి ఒకాయన వచ్చారు. కుడి చెవి వెనక, టాప్ ఫ్రేములోంచే కిర్రు వస్తోందని గట్టిగా చెప్పారు. అప్పటికే ఓ చోట సస్పెన్షన్ లింక్ రాడ్లు మార్చారట, ఇంకోచోట టాప్ ఫ్రేమ్ మొత్తం మార్చాలన్నారట. టాప్ తీసి నడిపితే శబ్దం ఉంది. అద్దాలు దించినా ఉంది. అంటే టాప్ కాదు, అద్దం అంచు రబ్బరూ కాదు. డోరు తెరిచి స్ట్రైకర్ చూశాను, అదే, డోరు లాక్ వచ్చి పట్టుకునే ఇనుప కొక్కెం. దాని లోపలి వంపులో ఒకచోట గోరంత మేర అద్దంలా మెరుస్తోంది, చుట్టూ పాత గ్రీజు ఎర్రమట్టితో కలిసి నల్లగా గట్టిపడి ఉంది. దాని మీద ఒక చుట్టు క్లాత్ టేప్ వేసి అదే గల్లీలో, అదే హంప్ మీద నడిపాం, చప్పుడు లేదు. టేప్ తీసేసి శుభ్రంగా తుడిచి పల్చగా గ్రీజు రాశాం, అంతే. లాక్ ఉండేది భుజం వెనకే కాబట్టి ఆయనకు అది టాప్‌లోంచి వస్తున్నట్టు వినిపించింది.

అందుకే వెతుకులాటలో ఒకసారికి ఒకటే మార్చాలి. అదే రోడ్డు, అదే వేగం, అదే టైరు గాలి. ఇంకొకరు నడుపుతుంటే మీరు వెనక కూర్చుని, అనుమానమున్న చోటల్లా అరచేత్తో నొక్కుతూ పోవాలి, నొక్కినప్పుడు ఆగితే సగం దొరికినట్టే. టాప్ తీయగానే ఆగిపోతే ముందు లాచ్‌లూ (టాప్‌ను ముందు అద్దం ఫ్రేముకు పట్టి ఉంచే కొక్కేలు), టాప్ బీడింగ్‌లూ (అంచుల్లో ఉండే రబ్బరు పట్టీలు) చూడాలి. అద్దం నాలుగు వేళ్లు దించితే ఆగిందా, అద్దం అంచూ బీడింగూ. పక్క సీట్లో మనిషి కూర్చుంటే ఆగిందా, ఆ సీటు పట్టాలు, లేదా కన్సోల్‌కు రాసుకునే సీటు లెదరు. తర్వాత బీడింగ్ తగిలే పెయింటు మీద కొంచెం కొంచెంగా మాస్కింగ్ టేప్ అంటిస్తూ పోతే చోటు జానెడు మేరకు కుదించుకుపోతుంది. కార్ల విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో ఏ షాపులోనైనా దొరికే టేపే, ఖరీదైన మెషిన్లు అక్కర్లేదు.

అపోహ: డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొడితే పోతుంది.

కొట్టిన వారం బాగుంటుంది, నిజమే. అది పెట్రోలియం నూనె జాతిది, అందులో ఎక్కువ భాగం ఆరిపోయేదే. ఈ కార్ల బీడింగ్‌లు ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఈ రబ్బరు ఎండనూ వాననూ బాగా తట్టుకుంటుంది, పెట్రోలియం నూనె తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. మిగిలిన జిడ్డుకు దుమ్ము పడుతుంది, ఆ దుమ్ము పెయింటును గీరుతుంది. తుప్పు పట్టిన బోల్టుకు వాడండి, బీడింగ్‌కు వద్దు.

రబ్బరుకు కావలసింది సిలికాన్ గ్రీజు, ఇంకా మంచిది ఫ్లోరినేటెడ్ గ్రీజు, ఖరీదెక్కువే గానీ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ముందు సబ్బు నీళ్లతో బీడింగ్ కడిగి, పూర్తిగా ఆరాక, గుడ్డతో చాలా పల్చగా రాయాలి. సిలికాన్ స్ప్రేను నేరుగా కొట్టకండి, బ్రేక్ డిస్కు మీద పడితే ప్రమాదం, ముందు అద్దం మీద పడితే వానలో వైపర్ మసక మసకగా తుడుస్తుంది. తర్వాత ఎప్పుడైనా ఆ ప్యానెల్‌కు పెయింట్ వేయించాల్సి వస్తే అక్కడ సిలికాన్ వాడామని పెయింటర్‌కు ముందే చెప్పండి, సరిగ్గా తుడవకపోతే పెయింటు చిన్న చిన్న గుంటలు పడుతుంది.

అపోహ: వానాకాలంలో ఆగిపోయింది, తనంతట తనే సర్దుకుంది.

సర్దుకోలేదు, తడిసింది. రబ్బరుకూ పెయింటుకూ మధ్య నీళ్లు చేరితే పట్టు తగ్గి జారిపోతుంది, ఆరగానే మళ్లీ మొదలు. మెకానిక్‌కు మీరివ్వగల మంచి ఆచూకీ ఇది, తప్పకుండా చెప్పండి. వాన లేని రోజుల్లో మేం స్ప్రే బాటిల్‌తో ఒక్కో బీడింగ్ మీద నీళ్లు చల్లి ఇదే పరీక్ష చేస్తాం. జనవరి పొద్దున్నే చలికి ఎక్కువై మధ్యాహ్నానికి తగ్గేది కూడా చాలావరకు ఈ కోవలోదే, చలికి రబ్బరు కాస్త బిగుసుకుంటుంది.

అపోహ: టాప్ మోటారు పాడైంది.

టాప్ తెరిచేటప్పుడో మూసేటప్పుడో శబ్దం వస్తే మోటారును అనుమానించండి. ప్రయాణంలో అది తిరగదు, కాబట్టి గుంతల్లో వచ్చే కిర్రుకూ దానికీ సంబంధం లేదు.

అపోహ: లాచ్ ఇంకొంచెం బిగిస్తే చాలు.

చేత్తో వేసే లాచ్ ఉన్న టాప్‌లలో కొక్కేన్ని సర్దుకోవచ్చు, లూజుగా ఉంటే బిగించాలి కూడా. బీడింగ్ మధ్య కాగితం ముక్క పెట్టి, టాప్ వేసి, ఆ కాగితాన్ని లాగండి. కాస్త పట్టుకుని జారితే సరిపోతుంది. కదలనే కదలకపోతే ఎక్కువైందని అర్థం, అలా నలిగిన రబ్బరు మళ్లీ పైకి లేవదు, ఆపైన కిర్రుతో పాటు నీళ్లు కూడా లోపలికొస్తాయి.

అపోహ: కింద నుంచి వస్తే బుష్‌లన్నీ (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు మెత్తలు) ఒకేసారి మార్చేయాలి.

ముందు టైరు గాలి చూడండి. డోరు పిల్లరు మీద రాసినదాని కంటే ఎక్కువ కొట్టి ఉంటే ప్రతి గతుకూ బాడీకి ఎక్కుతుంది. తర్వాత అడుగున బ్రేసు బోల్టులు, స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బుష్‌లు. బుష్ నిజంగానే మార్చాల్సి వస్తే ఒక్క విషయం పట్టుబట్టండి: లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి) రబ్బరు బుష్ బోల్టుల ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉండగానే జరగాలి. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే ఆ రబ్బరు మెలిపడే ఉండిపోతుంది, కొత్త బుష్ కూడా కిర్రుమని త్వరగా చిరుగుతుంది. పాలీయురేతేన్ బుష్‌లు వేయించుకున్నవాళ్లయితే వాటికి తగిన సిలికాన్ గ్రీజు పెట్టారో లేదో అడగండి.

అపోహ: కిర్రే కదా, ప్రమాదమేమీ ఉండదు.

బీడింగ్ కిర్రుకు ప్రమాదం లేదు. కానీ చక్రం వేగంతో పాటు పెరిగే శబ్దం, బ్రేకు తొక్కితే మారే శబ్దం వేరు, అవి బేరింగ్‌వో బ్రేకువో అయ్యుండొచ్చు. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే కింద నుంచి మూలిగినట్టు వస్తే బాల్ జాయింట్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరగడానికి ఉండే కీలు) లోపల ఎండి ఉండొచ్చు, అది ఊడితే చక్రం మన అదుపులో ఉండదు. ఇలాంటిది వినిపిస్తే ఆదివారం నంది హిల్స్ ప్లాన్ పక్కన పెట్టి, ముందు బండిని లిఫ్ట్ ఎక్కించండి.