మూత్రాశయపు గోడలో కణితి దారి

మూత్రాశయ క్యాన్సర్ అని తేలాక వైద్యులు ముందుగా తెలుసుకోవాలనుకునేది కణితి ఎంత పెద్దదని కాదు, ఎంత లోతుకు దిగిందని. మూత్రం తగిలే లోపలి పొర యూరోథీలియం. దాని కింద పలుచని ఆధార పొర, ఆ కింద వదులైన కణజాలం, దాన్నీ దాటితే కండరం. కొత్తగా బయటపడే కేసుల్లో దాదాపు 75 శాతం కండరాన్ని తాకనివే. వాటిని మూత్రనాళం గుండా పరికరం పంపి గీకి తీసి, తరచూ పరీక్షిస్తూ అదుపులో ఉంచవచ్చు. కండరంలోకి దిగిన కణితి విషయంలో మాత్రం చాలాసార్లు మూత్రాశయాన్నే తొలగించవలసి వస్తుంది.

ఈ రెండు స్థితుల మధ్య ఎడం కొద్ది మిల్లీమీటర్లే. ఆ ఎడంలో కణాల చుట్టూ ప్రోటీన్ల వల ఒకటి పరుచుకుని ఉంటుంది; దాన్నే ఎక్స్‌ట్రాసెల్యులార్ మ్యాట్రిక్స్ అంటారు. ఈ వలకు అసలు పోగులను అందించే జన్యువులు మనలో సుమారు 300. ఆ పోగులను కోసే, అతికే, వాటిని పట్టుకుని పనిచేసే ప్రోటీన్ల జన్యువులను కూడా కలిపితే లెక్క 1000 దాటుతుంది.

ఆధార పొరకు బలమిచ్చేవి ముఖ్యంగా నాలుగో రకం కొల్లాజెన్, లామినిన్. ఆ కొల్లాజెన్‌ను తునకలు చేసే ఎంఎంపీ2, ఎంఎంపీ9 ఎంజైములు లోతుకు దిగే కణితుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. అలాంటప్పుడు ఈ ఎంజైములను అడ్డుకుంటే సరిపోదా? 1990లలో వివిధ క్యాన్సర్ల మీద సరిగ్గా అదే ప్రయత్నం జరిగింది. బాటిమాస్టాట్, మారిమాస్టాట్ వంటి మందులు ఆశించిన మేలు చేయకపోగా, మారిమాస్టాట్ కీళ్ల నొప్పులు తెచ్చిపెట్టింది. ఈ కుటుంబంలోని కొన్ని ఎంజైములు కణితిని నిలువరించే పని కూడా చేస్తాయని తరువాత బోధపడింది.

పైగా కణితి గోడను కూల్చడంతో ఆగదు, తనకు అనువుగా కొత్త గోడ కట్టించుకుంటుంది. లోతుకు దిగిన కణితుల్లో కాల్1ఏ1, కాల్3ఏ1 అనే కొల్లాజెన్ జన్యువులు, ఫైబ్రోనెక్టిన్ జన్యువు, పెరియోస్టిన్ జన్యువు చురుకుగా ఉన్నట్టు పరిశోధకులు తరచూ గమనిస్తుంటారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ పోగుల్లో అధికభాగం నేసేది క్యాన్సర్ కణాలు కాదు, వాటి చుట్టూ చేరి, టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలకు లొంగిపోయిన ఫైబ్రోబ్లాస్టులు అనే మామూలు కణాలు. కంచే చేను మేయడమంటే ఇదే. కణితి ముక్క మొత్తాన్ని నూరి జన్యువుల చురుకుదనం కొలిచినప్పుడు, కొల్లాజెన్ ఎక్కువ కనిపించడానికి ఆ ముక్కలో ఫైబ్రోబ్లాస్టులు ఎక్కువ ఉండడమే కారణం కావచ్చు. బహిరంగంగా దొరికే సమాచారం నుంచి నాలుగైదు జన్యువులను ఏరి, రోగి భవిష్యత్తు చెప్పగలమనే పత్రాలను నేను అందుకే కొంచెం ఆగి చదువుతాను.

1750 నమూనాలను పోల్చి 2020లో ప్రచురించిన వర్గీకరణ మాత్రం ఈ చుట్టుపక్కల కణాలకు తగిన చోటిచ్చింది. కండరంలోకి దిగిన కణితులను అది ఆరు తరగతులుగా విడదీసింది; అందులో 15 శాతం కణితులకు మ్యాట్రిక్స్, దాన్ని నేసే కణాలు దట్టంగా ఉండడమే గుర్తు. ఆ దట్టానికి మరో ప్రభావం కూడా ఉంది. అటెజోలిజుమాబ్ ఇమ్యునోథెరపీ తీసుకున్న రోగుల కణితులపై 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మందు పనిచేయని పలువురిలో టీ-కణాలు అనే రోగనిరోధక కణాలు కణితి దాకా వచ్చి, చుట్టూ ఉన్న కొల్లాజెన్ దట్టంలోనే ఆగిపోయాయి. ఎలుకల్లో అదే కోవకు చెందిన మందుతోపాటు టీజీఎఫ్-బీటాను కూడా అడ్డుకున్నప్పుడు టీ-కణాలు లోపలికి వెళ్లగలిగాయి.

ఇదే మ్యాట్రిక్స్ వైద్యుడికి కూడా పట్టు ఇస్తుంది. మన పిల్లలకు క్షయ టీకాగా వేసే బీసీజీని మూత్రాశయంలోకి ఎక్కించే చికిత్సను 1976లో కెనడాలో ఆల్వరో మొరాలెస్ బృందం వెల్లడించింది. ఆ బ్యాక్టీరియా గోడకు అంటుకునేది మ్యాట్రిక్స్‌లోని ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకునే. యూరోథీలియం చెక్కుచెదరకుండా ఉన్న చోట ఫైబ్రోనెక్టిన్ బయటపడదు, బీసీజీ కూడా అక్కడ పెద్దగా నిలవదు.