పొద్దున కడుపునొప్పి, పదింటికి మాయం: బడికి వెళ్లలేని పిల్లల గురించి అపోహలు - వాస్తవాలు

ఏడుంపావు. సర్దిన బ్యాగు గుమ్మం దగ్గరే ఉంది. యూనిఫాం సగం వేసుకున్న పదమూడేళ్ల పిల్ల బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని ‘అమ్మా, వాంతి వచ్చేలా ఉంది’ అంటోంది. బయట అమ్మ థర్మామీటర్ పట్టుకుని నిలబడింది. ఇవాళా 98.4, నిన్నా అంతే. నాన్న గడియారం వంక చూస్తూ చెప్పులు వేసుకుంటాడు, విప్పుతాడు, మళ్లీ వేసుకుంటాడు. బస్సు వెళ్లిపోతుంది. ‘సరే, ఇవాళ్టికి పడుకో’ అంటారు. పదింటికల్లా అదే పిల్ల సోఫాలో కూర్చుని ఏదో చూసి నవ్వుతుంటుంది, నాన్నకి ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే.

పిల్లల సైకాలజిస్టుగా నా దగ్గరికి వచ్చే ఇళ్లలో చాలావాటిది ఇదే కథ. ఇంట్లో ఒకరు ‘పాపం, నిజంగానే నొప్పి’ పక్షం, ఇంకొకరు ‘అన్నీ నాటకాలు’ పక్షం. నేను చెప్పేది ఇద్దరికీ నచ్చదు: నొప్పి నిజం, అయినా బడికి వెళ్లాలి.

అపోహ: పదింటికి పోయిందంటే అది దొంగ కడుపునొప్పే

పదింటికి పోవడమే అది టెన్షన్ నొప్పి అనడానికి మంచి ఆధారం, దొంగ నొప్పి అనడానికి కాదు. మన పేగుల గోడల్లోనే 10 కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. మెదడుకీ వాటికీ మధ్య వేగస్ నాడి ద్వారా రాకపోకలు ఎడతెరిపి లేకుండా సాగుతుంటాయి. మెదడు ‘ప్రమాదం’ అనుకోగానే అడ్రినలిన్ పెరిగి రక్తం పేగుల నుంచి కండరాల వైపు మళ్లుతుంది, పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, అదే సమయంలో పెద్దపేగు వేగం పెరుగుతుంది. అందుకే పైన కడుపులో దేవినట్టు, కింద బాత్రూమ్‌కి పరుగెత్తాలనిపించినట్టు, రెండూ ఒకేసారి వస్తాయి. పెద్దవాళ్లం మాత్రం ఇంటర్వ్యూ రోజు ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్లామో మర్చిపోతాం.

ఇంకో సంగతి. నిద్ర లేచిన తర్వాత అరగంట, ముప్పావుగంటలో కార్టిసాల్ అనే హార్మోను ఎవరికైనా సహజంగానే పెరుగుతుంది. అసలే భయపడుతున్న పిల్లకి రోజులో అన్నిటికంటే కష్టమైన గంట అదే, మనం ‘వెళ్తావా, వెళ్లవా’ అని తేల్చమనేదీ ఆ గంటలోనే. బస్సు వెళ్లిపోగానే ప్రమాదం తప్పిందని మెదడుకి అర్థమవుతుంది, పేగులు కుదుటపడతాయి, ఆకలి కూడా వేస్తుంది. పిల్ల నవ్వుతోందంటే మిమ్మల్ని మోసం చేసినందుకు కాదు.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్, కాబట్టి ఏమీ లేదు

దీనికి జంట అపోహ కూడా ఉంది: ‘ఏదో ఉండే ఉంటుంది, ఇంకో స్కాన్ తీయిద్దాం’. ముందు ఒకసారి డాక్టరు సరిగ్గా చూడాల్సిందే, నా దగ్గరికి నేరుగా వచ్చినవాళ్లని నేనే వెనక్కి పంపి ఆ పని చేయించుకు రమ్మంటాను. బరువు తగ్గడం, ఎత్తు పెరగకపోవడం, నొప్పికి అర్ధరాత్రి మెలకువ రావడం, మలంలో రక్తం, ఆగని వాంతులు, మాటిమాటికీ జ్వరం, కీళ్ల వాపు, పొద్దున్నే వాంతితో లేపే తలనొప్పి... వీటిలో ఏది ఉన్నా టెన్షన్ అని సర్దిచెప్పుకోకూడదు. ఆడపిల్లల్లో నెలసరి నొప్పి గురించి విడిగా అడగాలి, చాలామంది అడిగితే తప్ప చెప్పరు. సెలవు రోజుల్లోనూ అంతే నొప్పి ఉందా అన్నది కూడా చూడండి. ఒక క్యాలెండర్ తీసుకుని రెండు మూడు వారాల పాటు నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, ఆ రోజు బడిలో ఏముంది అని మూడు ముక్కలు రాసుకుంటే డాక్టరుకీ, నాకూ సగం పని తప్పుతుంది.

ఆ తర్వాత మాత్రం ఆగాలి. ప్రతి కొత్త పరీక్షా పిల్లకి చెప్పేది ఒకటే, ‘నీ కడుపులో ఏదో పెద్ద జబ్బు దాక్కుని ఉంది’ అని. నాలుగో డాక్టరు దగ్గరికి వెళ్లే సరికి ఆ పిల్ల పొద్దున లేవగానే చేసే మొదటి పని తన కడుపుని తనే తడిమి చూసుకోవడం. అలా వెతికితే ఎవరికైనా ఏదో ఒకటి దొరుకుతుంది.

అపోహ: నాలుగు రోజులు ఇంట్లో ఉంటే కుదుటపడుతుంది

నిజమైన అనారోగ్యానికి ఇది సరైన మాటే. ఆందోళనకి మాత్రం ఇదే మేత. ఇంట్లో ఉండిపోయిన మరుక్షణం వచ్చే ఆ హాయి ఉంది చూశారూ, దాన్ని మెదడు బాగా గుర్తుపెట్టుకుంటుంది: బడి మానేశాం, ప్రాణం కుదుటపడింది, కాబట్టి రేపు కూడా మానేద్దాం. పైగా నోట్సు మిగిలిపోతుంది, స్నేహితుల కబుర్లలో వెనకబడుతుంది, ‘ఏమైంది, ఎందుకు రాలేదు’ అని అడిగేవాళ్లకి ఏం చెప్పాలో తెలియదు. సోమవారం ఒక మెట్టు ఎత్తున్న గడప గురువారానికి గోడ అవుతుంది. అందుకే పూర్తిగా మానిపించడం కంటే ఒక్క పీరియడ్‌కి వెళ్లి రావడం మేలు, ఆ ఒక్క పీరియడూ లైబ్రరీలో కూర్చున్నా సరే.

మా దగ్గరికి వచ్చే ఇళ్లకి నేను మొదటి వారమే చేయించే పని ఒకటి ఉంది. ఏ రోజు ఇంట్లో ఉండొచ్చో ముందు రోజు సాయంత్రం, అందరూ నెమ్మదిగా ఉన్నప్పుడు, కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించడం. జ్వరం 100.4 దాటితే, నిజంగా వాంతయితే, విరేచనాలు పట్టుకుంటే ఇంట్లోనే. ‘వాంతి వచ్చేలా ఉంది’ అయితే ఒక కవరు జేబులో పెట్టుకుని బడికి. దీనివల్ల పొద్దున ఏడుంపావుకి తీర్పు చెప్పే బాధ అమ్మకి తప్పుతుంది, కాగితమే చెబుతుంది. ఇంట్లో ఉన్న రోజు కూడా బడి వేళల్లో ఫోనూ టీవీ ఉండవు, మంచం ఉంటుంది, పుస్తకం ఉంటుంది. శిక్షలా కాదు, జ్వరం వచ్చిన రోజు ఎలా ఉంటుందో అలా.

అపోహ: ఎత్తుకెళ్లి గేటు లోపల దింపేస్తే అదే అలవాటవుతుంది

ఐదేళ్ల పిల్లాడి మొదటి వారంలో ఒక్కోసారి పనిచేసిన ఉపాయాన్ని పద్నాలుగేళ్లవాడి మీద వాడితే ఏమవుతుందంటే, మర్నాడు వాడు గది తలుపు తీయడు. కేకలు, లాగులాట, నలుగురి ముందు పరువు పోవడం, వీటితో బడి ఇంకా భయంకరమైన చోటు అవుతుంది, మీరు ఆ భయంలో భాగమైపోతారు.

మెట్లు కట్టుకుంటూ వెళ్లడమే దారి. సాయంత్రం ఖాళీ బడి గేటు దాకా నడిచి రావడం ఒక మెట్టు. యూనిఫాంలో గేటు దగ్గర పది నిమిషాలు నిలబడటం ఇంకో మెట్టు. తర్వాత ఇష్టమైన ఒక క్లాసు, తర్వాత సగం రోజు. ఏ మెట్టు ఎప్పుడన్నది పిల్లతోనే రాయించాలి, కానీ ‘ఏ మెట్టూ వద్దు’ అనే వీలు మాత్రం ఇవ్వకూడదు. ఒక మెలిక ఉంది: భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు వెనక్కి వస్తే భయమే గెలిచినట్టు. కాస్త తగ్గేదాకా అక్కడే ఉండి రావాలి. అందుకే స్కూలువాళ్లతో ముందే మాట్లాడుకోండి, నొప్పి అనగానే ఇంటికి ఫోన్ చేయకుండా సిక్ రూమ్‌లో పది పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ క్లాసుకి పంపమని. పిల్ల వెళ్లి చెప్పుకోవడానికి అక్కడ పేరుతో సహా ఒక్క మనిషి ఉండాలి. ‘ఏ టీచర్‌కైనా చెప్పు’ అంటే ఎవరికీ చెప్పదు.

అపోహ: ఇదంతా బద్ధకం, బడిదొంగ వేషాలు

బడిదొంగ ఇంట్లో బడికని చెప్పి వేరే ఎక్కడికో పోతాడు, అమ్మానాన్నలకి తెలియనివ్వడు. ఈ పిల్లలు ఇంట్లోనే, మీ కళ్ల ముందే ఉంటారు, చాలామంది మార్కుల గురించి మీకంటే ఎక్కువ బెంగపడతారు. అడెలైడ్ జాన్సన్, ఆవిడ సహచరులు 1941లోనే ఈ తేడా గమనించి దీనికి ‘స్కూల్ ఫోబియా’ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ మాట తగ్గింది, ఎందుకంటే చాలామందికి భయం బడి అంటే కాదు, బడిలో ఉన్న ఏదో ఒకటంటే.

అపోహ: కారణం ఉంటే చెబుతుంది కదా, అడిగితే ‘ఏమో’ అంటోంది

‘ఎందుకు’ అన్నది టీనేజ్ పిల్లలకి మనం వేయగల అతి కష్టమైన ప్రశ్న. క్రిస్టఫర్ కెర్నీ అనే సైకాలజిస్టు దీన్ని వేరే వైపు నుంచి చూడమంటాడు: కారణం పక్కన పెట్టండి, ఇంట్లో ఉండటం వల్ల పిల్లకి ఏం ఒరుగుతోందో చూడండి. ఆయన లెక్కన నాలుగు. బడిలో ఏదో ఇబ్బందికరమైన అనుభూతి తప్పుతోంది, నలుగురిలో మాట్లాడటమో పరీక్షో తప్పుతోంది, అమ్మానాన్నలు దగ్గరుంటున్నారు, లేదా ఇంట్లో సరదాగా గడుస్తోంది. చాలామందిలో ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి, కొన్ని వారాలు ఇంట్లో గడిచాక మొదటి దానికి నాలుగోది తోడవుతుంది. ఫోన్ వల్లే ఇదంతా అనేవాళ్లు ఈ వరస తిరగేసి చదువుతున్నారు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక అబ్బాయి, తొమ్మిదో తరగతి. మెట్లన్నీ అందంగా గీసి ఇచ్చాను, మొదటి మెట్టు స్కూలు బస్సు ఎక్కడం. మూడు వారాలు, ఒక్క రోజూ ఎక్కలేదు, నేను వాడి ఆందోళన చాలా తీవ్రంగా ఉందని రాసుకున్నాను కూడా. నాలుగో వారం ఒక కాగితం మీద బడి మ్యాపు గీయమని, గుండె దడ వచ్చే చోట్ల ఎర్ర చుక్క పెట్టమన్నాను. బడిలో ఒక్క చుక్కా లేదు. కాగితం అంచున ఒక చిన్న బస్సు గీసి, వెనక సీట్ల మీద పెన్ను చిరిగేదాకా చుక్కలు పెట్టాడు. ముగ్గురు పెద్ద పిల్లలు రోజూ వాడి బ్యాగు లాక్కునేవాళ్లు. అది భయం జబ్బు కాదు, నిజమైన ప్రమాదం, నేను వాణ్ణి రోజూ దానిలోకే ఎక్కమన్నాను. అప్పటి నుంచి మ్యాపు ముందు, మెట్లు తర్వాత. ఏడిపించేవాళ్లు, చదవడంలో గుర్తించని ఇబ్బంది, శుభ్రంగా లేని బాత్రూమ్‌లు, పిల్ల భరించలేని శబ్దం, ఇవి పెద్దలు సరిచేయాల్సినవి. పిల్ల ధైర్యం తెచ్చుకోవాల్సినవి కావు.

అపోహ: ధైర్యం చెబుతూ ఉండాలి

‘ఏం కాదు’ అని పొద్దున్నే పధ్నాలుగు సార్లు చెప్పారనుకోండి, పదిహేనోసారి కూడా అడుగుతుంది. ఆ మాట ఐదు నిమిషాలే పనిచేస్తుంది, మళ్లీ కావాలి. పైగా ఆ పిల్ల కడుపులో ఏదో అవుతూనే ఉంది, మీరేమో ఏం కాదంటున్నారు. బదులుగా ఒకే ఒక్కసారి: ‘కడుపులో తిప్పుతోందని తెలుసు. కష్టంగా ఉంది. అయినా నువ్వు వెళ్లగలవు.’ చెప్పేసి ఊరుకోవడం. ఈ ఊరుకోవడమే అమ్మలకి అన్నిటికంటే కష్టం, నేను దాన్ని వాళ్లతో గదిలోనే ప్రాక్టీసు చేయిస్తాను. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ బృందం పిల్లల్ని అసలు కలవకుండా తల్లిదండ్రులకే ఈ తీరు నేర్పి చూస్తే, పిల్లలకి నేరుగా చేసిన థెరపీకి తీసిపోని ఫలితం వచ్చింది. 7 నుంచి 14 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం అది. తప్పంతా తల్లిదండ్రులదేనని దీని అర్థం కాదు. పిల్ల గది తలుపు తీయని రోజుల్లో కూడా మొదలుపెట్టగల పని ఒకటి ఉందని.

అపోహ: మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలి

చాలామందికి మందు అక్కర్లేదు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (భయపెట్టే ఆలోచనల్నీ, తప్పించుకునే అలవాటునీ మార్చే మాటల చికిత్స), మెట్లు, స్కూలు సహకారం సరిపోతాయి. భయం బాగా ముదిరినప్పుడు సైకియాట్రిస్టు మందు ఇస్తారు, సాధారణంగా కొంతకాలం వాడి నెమ్మదిగా తగ్గిస్తారు. 2008లో అమెరికాలో ఆందోళన సమస్యలున్న 488 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనంలో థెరపీ ఒక్కటే తీసుకున్నవాళ్లలో దాదాపు 60 శాతం, ఆందోళన తగ్గించే సెర్ట్రాలిన్ అనే మందు ఒక్కటే తీసుకున్నవాళ్లలో 55 శాతం, రెండూ కలిపితే 81 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్రతో 24 శాతం. ఈ రకం మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు రావొచ్చన్న హెచ్చరిక ఉంది, అందుకే అప్పుడు డాక్టరు తరచుగా చూడాలి, మీరే ఆపేయడం, పెంచడం చేయకూడదు.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తాం అనుకుంటారు. అలా పుట్టదు. అడగండి. అవునంటే మెట్లూ హాజరూ అన్నీ పక్కన పెట్టి, పిల్లని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే డాక్టరు దగ్గరికి.

అపోహ: సెలవుల తర్వాత మళ్లీ మొదలైంది, అంటే చేసిందంతా వృథా

సెలవుల తర్వాత, జ్వరంతో వారం మానేశాక, కొత్త తరగతిలోకి వెళ్లినప్పుడు మళ్లీ తలెత్తుతుంది, దాదాపు చెప్పి వచ్చినట్టే. కాబట్టి ముందే తేదీ రాసుకోండి. బడి తెరవడానికి వారం ముందు నుంచి నిద్ర వేళలు బడి వేళలకి తేవాలి, ఎందుకంటే టీనేజ్‌లో శరీర గడియారం సహజంగానే ఆలస్యంగా జరుగుతుంది, ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మూడు రోజుల ముందు గేటు దాకా వెళ్లి రండి. ముందు రోజు సాయంత్రం ఫ్రిజ్ మీది కాగితం ఇంకోసారి కలిసి చదవండి. కవరు జేబులో ఉందో లేదో చూసుకోమనండి.