శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఢిల్లీకి దారి ఎందుకు పెరిగింది

పహల్గాం దాడి తరువాత 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారత విమానాలకు తన గగనతలం మూసివేయడం, వారం తిరగకముందే భారత్ కూడా అదే పని చేయడం పాఠకులకు తెలిసినవే. ఆ నిషేధాన్ని నెలనెలా పొడిగిస్తూ వచ్చారు. పొడిగించిన ప్రతిసారీ అమెరికా ప్రయాణం పెట్టుకున్న ఇళ్లలో ఒకటే ఆందోళన: విమానం దారిలో ఎక్కడ ఆగుతుంది, ఎన్ని గంటలు పడుతుంది?

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే దాదాపు 12,400 కిలోమీటర్లు. ఆ దారం టిబెట్ మీదుగా ఉత్తరానికి పోతుంది. విమానం అలా పోవడం కష్టం. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే సుమారు 10,000 అడుగులకు దిగాలి. కింద అంతకు రెట్టింపు ఎత్తు కొండలుంటే ఎక్కడికి దిగాలి? అందుకే ఢిల్లీ విమానాలకు పాకిస్తానే పడమటి వాకిలి.

ఆ వాకిలి మీద ఎంతగా ఆధారపడ్డామో 2019లోనే తేలింది. బాలాకోట్ దాడి మరునాడు, ఫిబ్రవరి 27న మూసిన ఆకాశం జూలై 16న గాని తెరుచుకోలేదు. అమెరికా విమానాలు ఇంధనం కోసం, సిబ్బంది మార్పు కోసం వియన్నాలో ఆగాయి. ఇండిగో ఢిల్లీ–ఇస్తాంబుల్ విమానం సైతం దోహాలో దిగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది. జూలై 2 నాటికి ఒక్క ఎయిర్ ఇండియాకే రూ.491 కోట్ల నష్టమని విమానయాన మంత్రి రాజ్యసభకు చెప్పారు. నేటి గొడవకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం. ఇంత స్పష్టమైన లెక్క చేతికొచ్చాక కూడా, మళ్లీ ఇలా జరిగితే ఆ భారం ఎవరు మోయాలో ఎవరూ తేల్చలేదు. దారి తెరుచుకుంది, విషయం మరుగున పడింది.

తూర్పు దారి లేకపోలేదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ నుంచి పసిఫిక్ వైపు మళ్లించింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగినా, వెనుక నుంచి తోసే గాలి వల్ల ప్రయాణం పద్నాలుగున్నర గంటలకు తగ్గింది. కానీ తిరుగు ప్రయాణంలో ఆ గాలే ఎదురు నిలుస్తుంది, దారిలో ఆగవలసి వస్తుంది. 2025 నవంబరులో సాంకేతిక లోపంతో మంగోలియాలో దిగిన శాన్‌ఫ్రాన్సిస్కో–ఢిల్లీ విమానం అలా కోల్‌కతాలో ఆగి ఢిల్లీ చేరవలసిన సర్వీసే.

2022 తరువాత రష్యా ఆకాశం అమెరికా సంస్థలకు మూసుకుపోయి, ఎయిర్ ఇండియాకు మాత్రం తెరిచే ఉంది. అమెరికా సంస్థ యునైటెడ్ తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసును ఆపేసింది. పాకిస్తాన్ మూసివేతతో, పోటీలో ఎయిర్ ఇండియాకు దక్కిన ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది.

నిషేధం ఏడాది సాగితే దాదాపు 60 కోట్ల డాలర్ల భారం పడుతుందని, ప్రభుత్వం ఆదుకోవాలని ఎయిర్ ఇండియా కోరింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు నిలిపివేసింది. విమానాల ఆధునికీకరణతో పాటు ఈ మూసివేతనూ కారణంగా చూపింది. పాకిస్తాన్ విమానాశ్రయాల సంస్థ కూడా జూన్ చివరికి 410 కోట్ల పాకిస్తానీ రూపాయల ఆదాయం కోల్పోయిందని ఆ దేశ రక్షణ శాఖ తమ పార్లమెంటుకు తెలిపింది.

విదేశీ సంస్థలకు ఈ నిషేధం లేదు. ఢిల్లీలో ఒకే రన్‌వే నుంచి లేచిన రెండు విమానాల్లో ఒకటి పాకిస్తాన్ మీదుగా నేరుగా ఐరోపాకు పోతుంటే, మనది ముందు దక్షిణంగా గుజరాత్ తీరం వైపు పోయి, అరేబియా సముద్రం దాటి, అప్పుడు ఉత్తరానికి తిరుగుతుంది.