ఆరో తరగతిలో బయటపడే లెక్క: చిన్న పిల్లల ఆన్‌లైన్ కోర్సులు, అపోహలు - వాస్తవాలు

ఒంగోలు పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతాను. ఏటా జూన్‌లో తల్లిదండ్రుల నోట వినే మాటలే ఇవి.

అపోహ: చిన్నప్పుడే ఆన్‌లైన్ కోర్సు చేయిస్తే పై తరగతుల్లో తిరుగుండదు.

వాస్తవం: నిరుడు చేరిన ఒక పాప రెండేళ్లు ఆన్‌లైన్లో లెక్కలు నేర్చుకుంది. నాలుగు జవాబులిస్తే సరైనది టక్కున పట్టేస్తుంది. బోర్డు దగ్గరకు పిలిచి 624ని 6తో భాగించమన్నాను. 14 వేసింది. 6లో 6 ఒకసారి పోయింది, 2 చాలదు కాబట్టి అక్కడ సున్నా పెట్టాలని తట్టలేదు. జవాబులు ఎదురుగా ఉంటే 14 మరీ చిన్నదని వదిలేసి 104 పట్టుకునేదే! గుర్తుపట్టడం వేరు, సొంతంగా చేయడం వేరు. ఈ సున్నా దగ్గర తడబడితే దశాంశాలు, ఆపైన బీజగణితం అన్నీ తడబడతాయి. రోజుకు ఐదు భాగహారాలు చేయించి, ప్రతిదాన్నీ తిరిగి గుణించి సరిచూడమన్నాను. దసరా సెలవుల నాటికి దారిలో పడింది.

పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామాల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. మధ్యలో కరోనాకు బడులు మూతపడ్డాయి. తప్పంతా ఆన్‌లైన్ పాఠాలదే అనను, చాలా ఇళ్లలో ఫోనే లేదు. కానీ పక్కన కూర్చుని చదివించే మనిషి లేని లోటు ఫోన్ ఉన్న ఇళ్లలోనూ చూశాను.

అపోహ: ఎంతసేపు చూస్తే అంత వస్తుంది.

వాస్తవం: 2020లో ఆన్‌లైన్ చదువుపై కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాలే ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు క్లాసులు మించొద్దన్నాయి, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు.

అపోహ: ఆన్‌లైన్ అసలు పనికిరాదు.

వాస్తవం: ఇదీ తప్పే. జ్వరమొచ్చి బడి మానిన పిల్లకు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో ఆ పాఠం చూపించండి. ఎనిమిదో తరగతివాళ్లయితే అర్థం కానిచోట ఆపి మళ్లీ వింటారు, వాళ్లకు చాలా మేలు.

రొయ్యల చెరువు దగ్గర పనిచేసే ఒక తండ్రి అడిగారు: "నాకు చదువు రాదు సార్, నేనేం చూడను?"

"నోట్సు తెరవండి. కొట్టివేతలున్నాయా చూడండి, ఉంటే సొంతంగా ప్రయత్నించినట్టే. వీడియో అయ్యాక ఫోన్ తీసేసి, ఆ లెక్క ఎలా చేశావో నాకు చెప్పమ్మా అని అడగండి" అన్నాను.