ఈగ కంట్లో దొరికిన నకలు

మ్యుటేషన్ అంటే జన్యువుల్లో పడే పొరపాటు కదా, పొరపాటు ఉన్నదాన్ని చెడగొట్టాలి గానీ లేనిదాన్ని ఎలా తెచ్చిపెడుతుంది? పరిణామం మీద ఎక్కడ వాదన మొదలైనా కాసేపటికి ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. అడిగినవాళ్లకు ఏమీ తెలియదని కొట్టిపారేయడం నాకు నచ్చదు. జీవశాస్త్రజ్ఞులే దీంతో దశాబ్దాల పాటు కుస్తీ పట్టారు. వాళ్లకు దొరికిన జవాబులో పెద్ద భాగం ఒక ఈగ కంటి దగ్గర మొదలైంది.

పండ్ల మీద వాలే ఆ చిన్న ఈగ పేరు డ్రోసోఫిలా. మామూలు ఈగ కంట్లో సుమారు 780 బుల్లి కటకాలుంటాయి. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గాన్ ల్యాబ్ నుంచి 1914లో ఒక వింత రకం వెలుగులోకి వచ్చింది. దాని కన్ను సన్నటి పట్టీలా ఉండేది. జతలోని రెండు ఎక్స్ క్రోమోజోముల్లోనూ ఆ లక్షణం ఉంటే కటకాలు 70 దాకానే. దానికి ‘బార్’ అని పేరు పెట్టారు. జన్యువు ఏదో మారిపోయింది, అంతే అనుకున్నారు అందరూ.

కానీ ఈ బార్ ఈగలు కుదురుగా ఉండేవి కావు. స్వచ్ఛమైన బార్ సంతతిలో కూడా సుమారు 1,600 పిల్లల్లో ఒకటి మామూలు కళ్లతో పుట్టేది. అప్పుడప్పుడూ ఇంకా సన్నటి కళ్లతో, పాతిక కటకాలతో మరో రకం పుట్టేది. మారిన జన్యువు అంత సులువుగా వెనక్కి ఎలా వెళ్తోంది? పైగా ఒక్కోసారి రెట్టింపు ఎలా అవుతోంది?

ఈ చిక్కుముడి విప్పినవాడు మోర్గాన్ శిష్యుడు ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్. అండం తయారయ్యేటప్పుడు జంట క్రోమోజోములు పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. మామూలుగా అక్షరానికి అక్షరం సరిపోయేలా చేరతాయి. హడావిడిలో చొక్కా గుండీ ఒక కాజా తప్పించి పెట్టుకున్నట్టు అవి ఒక్కోసారి కాస్త పక్కకు జరిగి చేరితే? ముక్కలు మారాక ఒక క్రోమోజోముకు ఆ భాగం అదనంగా వస్తుంది, రెండో దానికి తగ్గిపోతుంది. 1925లో ఆయన చెప్పింది ఇదే. దీన్ని అసమాన వినిమయం అంటారు. తగ్గినవాడికి మామూలు కన్ను, పెరిగినవాడికి ఇంకా సన్నటి కన్ను.

కంటితో చూడడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది. ఈగ లార్వా లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు రాక్షసంగా పెరిగి, అడ్డచారలతో మైక్రోస్కోపు కింద స్పష్టంగా కనిపిస్తాయి. 1936లో కాల్విన్ బ్రిడ్జెస్ ఆ చారలను చూస్తే బార్ ఈగలో ఒకచోట చారల వరస రెండుసార్లు ఉంది. అదే సమయంలో హెర్మన్ ముల్లర్ బృందానికీ అదే కనిపించింది. మ్యుటేషన్ అనుకున్నది తీరా చూస్తే నకలు. ఇందులో ఇంకో తమాషా కూడా ఉంది. మొత్తం నకళ్ల సంఖ్య ఒకటే అయినా, అవి ఒకే క్రోమోజోము మీద పోగుపడితే ఒకరకం కన్ను, రెండింటికీ సమంగా పంచుకుంటే ఇంకోరకం కన్ను వస్తుంది. ఎన్ని నకళ్లున్నాయన్నదే కాదు, ఏది ఎవరి పక్కన ఉందన్నదీ లెక్కేనన్నమాట. ఈ సంగతి చివర్లో మళ్లీ పనికొస్తుంది.

అదనపు నకలు నుంచి కొత్త జన్యువు పుట్టవచ్చన్న ఊహను 1930ల్లోనే ముల్లర్, హాల్డేన్ లాంటివాళ్లు పైకి అన్నారు. అయితే జన్యువు దేనితో తయారైందో కూడా అప్పటికి తెలియదు కాబట్టి అది ఊహగానే మిగిలింది.

ఆ తర్వాతి మలుపు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బున్న రోగుల హిమోగ్లోబిన్ కరెంటు పెట్టినప్పుడు మామూలుదానిలా కదలడం లేదని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపింది. తేడా ఎక్కడుందో పట్టుకున్నది కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన వెర్నన్ ఇంగ్రామ్. ఆయన హిమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేసి, ఆ ముక్కలను కాగితం మీద ఒక దిశలో కరెంటుతో, ఇంకో దిశలో ద్రావణంతో విడగొట్టాడు. కాగితం మీద సుమారు 30 మచ్చలు తేలాయి. రోగి కాగితం, ఆరోగ్యవంతుడి కాగితం పక్కపక్కన పెడితే ఒక్క మచ్చ మాత్రం చోటు మారింది. 1957లో దాని గుట్టు బయటపడింది: గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్. ప్రోటీన్ అంటే ఎమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన గొలుసు. హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు రకాల గొలుసులుంటాయి; బీటా గొలుసులోని 146 ఎమైనో ఆమ్లాల్లో అది ఆరోది. డీఎన్ఏలో చూస్తే ఒకే ఒక్క అక్షరం.

ఇలాంటి అక్షరం మార్పులు అరుదేమీ కాదు. తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు ప్రతి బిడ్డలోనూ సుమారు 60 నుంచి 70 దాకా ఉంటాయి, ఎక్కువ భాగం తండ్రి వైపు నుంచి వచ్చినవే. మూడువందల కోట్ల అక్షరాల్లో అవి ఎక్కడ పడ్డాయో కూడా మనకు తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. అణువుల స్థాయిలో నిలిచిపోయే మార్పుల్లో చాలావరకు మంచికీ కాదు చెడుకీ కాదని 1968లో జపాన్‌కు చెందిన మోటూ కిమురా అన్నప్పుడు పెద్ద గొడవే జరిగింది. ఇప్పుడైతే ఆ మాట చాలా లెక్కలకు ప్రాథమిక అంచనా.

మళ్లీ ఇంగ్రామ్ దగ్గరికి వద్దాం. 1961లో ఆయన ఇంకో అడుగు వేశాడు. హిమోగ్లోబిన్‌లోని వేర్వేరు గొలుసులు, కండరాల్లోని మయోగ్లోబిన్, అన్నీ ఒకే పూర్వీకుడి నకళ్లన్నాడు. ఇప్పుడు ఆ కుటుంబం చిరునామాలు కూడా తెలుసు. ఆల్ఫా రకాలు మనిషి 16వ క్రోమోజోము మీద, బీటా రకాలు 11వ దాని మీద. వీటి దారులు విడిపోయి 45 కోట్ల ఏళ్లు దాటిందని అంచనా. 11వ క్రోమోజోము మీద వరసగా నిలబడ్డవాటిలో గామా రకం తల్లి కడుపులో ఉన్నప్పుడు పనిచేస్తుంది. దానివల్ల శిశువు హిమోగ్లోబిన్ తల్లిదానికంటే గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, అందుకే తల్లి రక్తం నుంచి లాక్కోగలుగుతుంది. అదే వరసలో ఏ పనీ చేయని చచ్చిన నకలు కూడా ఒకటి పడి ఉంది.

వరసలో పక్కపక్కన ఉన్న డెల్టా, బీటా గొలుసులకు పది ఎమైనో ఆమ్లాలే తేడా. అంత దగ్గరి పోలిక ఉంటే గుండీ తప్పడం ఖాయం. 1958లో బయటపడ్డ హిమోగ్లోబిన్ లెపోర్ అలాంటిదే: మొదలు డెల్టా, చివర బీటా. రెండు జన్యువులు కలిసి ఒకటైపోయి రక్తహీనతకు కారణమవుతున్నాయి. ఈగ కంట్లో జరిగిన ప్రమాదమే ఇదీ.

చూపులోనూ అదే కథ. ఎరుపు, ఆకుపచ్చ వెలుగులను పట్టే ప్రోటీన్ల జన్యువులు మనిషి ఎక్స్ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉన్నాయని 1986లో జెరెమీ నాథన్స్ బృందం తేల్చింది. మన కోతి పూర్వీకుల్లో ఒకే జన్యువుకు నకలు పడి, అది కాస్త మారడం వల్లే మనకు ఈ రెండు రంగుల తేడా తెలుస్తోంది. ఆ పోలిక వల్లే అవి తప్పుగా జతకూడి ఒకటి పోవడమో, రెండూ కలగలిసిపోవడమో జరుగుతుంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి దెబ్బ వాళ్లకే ఎక్కువ. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ సరిగ్గా విడిగా తెలియవు. వరం ఇచ్చిన యంత్రాంగమే వడ్డీ కూడా వసూలు చేస్తోంది.

ఇలాంటి ముక్కల్లో అప్పటికి తెలిసినవాటిని కలిపి ఒక వాదంగా నిలబెట్టినవాడు అమెరికాలో పనిచేసిన సుసుము ఓనో. 1970లో ఇదే విషయం మీద పుస్తకం రాశాడు. ఆయన తర్కం సూటిగా ఉంటుంది. బతకడానికి అవసరమైన జన్యువును ప్రకృతి ఎంపిక పోలీసులా కాపలా కాస్తుంది, పెద్ద మార్పును బతకనివ్వదు. అలాంటప్పుడు ఆ జన్యువు కొత్త పని నేర్చుకోవడం కుదరదు. నకలు ఒకటి ఉంటే పాత పని ఒకటి చూసుకుంటుంది, రెండోది కాపలా తప్పించుకుని ఇష్టమొచ్చినట్టు మారవచ్చు. వెన్నెముక జంతువుల పూర్వీకుల్లో మొత్తం జన్యుసముదాయమే రెట్టింపై ఉంటుందని కూడా ఆయన అన్నాడు. అప్పట్లో దాన్ని సాహసం అనుకున్నారు. ఇప్పుడు గట్టి ఆధారాలున్నాయి. ఈస్ట్ విషయంలోనూ 1997లో అలాంటి ప్రతిపాదనే వచ్చి, 2004లో రుజువైంది.

అయినా ఓనో తర్కంలో ఒక చిల్లు ఉంది. కాపలా లేని నకలు మారుతుంది సరే, మంచి వైపే మారాలని ఏముంది? పాడైపోవడమే ఎక్కువ జరుగుతుంది. 2000లో మైకేల్ లించ్, జాన్ కొనెరీ లెక్కలు కడితే, చాలా నకళ్లు కొన్ని పదుల లక్షల ఏళ్లలోనే మూగబోతున్నాయని తేలింది. అలాంటప్పుడు బతికిన నకళ్లు ఇన్ని ఎలా ఉన్నాయి?

దీనికి 1999లో వచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. రెండు నకళ్లూ కొద్దికొద్దిగా పాడవుతాయి, కాకపోతే వేర్వేరు చోట్ల. ఎలుకలో ఎన్‌గ్రెయిల్డ్-1 అనే జన్యువు పిండంలో ముందు కాళ్ల మొగ్గలోనూ, మెదడు వెనక భాగం, వెన్నుపాము నరకణాల్లోనూ పనిచేస్తుంది. జీబ్రాఫిష్‌లో దీనికి రెండు నకళ్లున్నాయి. ఒకటి రొమ్ము రెక్క మొగ్గలో, రెండోది ఆ నరకణాల్లో. ఒకరి ఉద్యోగం ఇద్దరికి పంచితే ఇక ఎవరినీ తీసేయడం కుదరదు. కొత్తగా ఏమీ నేర్చుకోకుండానే రెండూ నిలిచాయి. చెడగొట్టే మ్యుటేషన్లే రెండింటినీ కాపాడాయన్నమాట.

కొత్త పని పుట్టడం కళ్లముందు జరిగిన సందర్భం కూడా ఉంది. రిచర్డ్ లెన్స్కీ 1988లో ఈ.కోలై బ్యాక్టీరియాను 12 ఫ్లాస్కుల్లో పెంచడం మొదలుపెట్టాడు. రోజూ కొంత తీసి కొత్త ద్రావణంలో వేయడం, ప్రతి 500 తరాలకు ఒకసారి నమూనా ఫ్రీజర్‌లో దాచడం. ద్రావణంలో గ్లూకోజుతో పాటు సిట్రేట్ అనే సిట్రిక్ ఆమ్లపు లవణం కూడా ఉంటుంది, కానీ ఆక్సిజన్ ఉన్నప్పుడు ఈ.కోలై దాన్ని లోపలికి తీసుకోలేదు. 2003లో, 33,000 తరాలు దాటాక ఒక ఫ్లాస్కు మాత్రం మామూలు కన్నా చిక్కగా మసకబారింది. అందులోని బ్యాక్టీరియా సిట్రేట్ తింటోంది.

2012లో వాటి డీఎన్ఏ చదివితే 2,933 అక్షరాల ముక్కకు పక్కనే నకలు పడినట్టు తెలిసింది. సిట్రేట్‌ను లోపలికి తెచ్చే జన్యువు వాటిలో ముందునుంచీ ఉంది, ఆక్సిజన్ ఉంటే దాని స్విచ్ ఆగిపోయి ఉండేది, అంతే. నకలు వెళ్లి వేరే జన్యువు స్విచ్ పక్కన పడింది, ఆ స్విచ్ ఆక్సిజన్ ఉన్నా వెలుగుతుంది. బార్ ఈగలో లాగే ఇక్కడా ఏది ఎవరి పక్కన ఉందన్నదే లెక్క. ఫ్రీజర్‌లోని పాత నమూనాలు వెతికితే, ఈ గుణం తొలిసారి కనిపించింది 31,500 తరాల దగ్గర. అప్పట్లో ఆ బ్యాక్టీరియా సిట్రేట్‌ను ఏదో అంటీ ముట్టనట్టు తినేది. ఆ ముక్కకు ఇంకా నకళ్లు పడ్డాకే ఫ్లాస్కు మసకబారింది.