బుల్లితెరపై ప్రతిఘటన యోధులు: ఒక వివాదం వెనుక ఉన్న చరిత్ర

2013 మార్చిలో జర్మనీ ప్రజా ప్రసార సంస్థ జెడ్‌డీఎఫ్ రెండో ప్రపంచయుద్ధం నేపథ్యంలో మూడు భాగాల నాటకాన్ని ప్రసారం చేసింది. యుద్ధం అయిదుగురు జర్మన్ స్నేహితులను ఎలా చెదరగొట్టిందో చెప్పే ఆ కథ చివరి భాగాన్ని 70 లక్షల మందికి పైగా చూశారు. ఆ అయిదుగురిలో యూదుడైన యువకుడు తప్పించుకుని ఒక పోలిష్ గెరిల్లా దళంలో చేరతాడు. పోలెండ్ రహస్య సైన్యమైన ‘ఆర్మియా క్రయోవా’కు చెందిన ఆ దళం యూదద్వేషంతో నిండి ఉన్నట్టు, తాను ఆపిన రైల్లోని యూదు బందీలను పెట్టెల్లోనే వదిలేసినట్టు నాటకం చూపింది. పోలెండ్‌లో ఇది తీవ్ర ఆగ్రహాన్ని రేపింది. ఆ సైన్యంలో పనిచేసిన వృద్ధుల పక్షాన దాఖలైన కేసులో క్రకోవ్ న్యాయస్థానం 2018లో, నిర్మాతలు క్షమాపణ చెప్పాలని తీర్పునిచ్చింది. ప్రతివాదులు అప్పీలుకు వెళ్లారు.

ఆ సైన్యంలో యూదద్వేషులు లేరని చరిత్రకారులెవరూ అనరు. అయితే దాదాపు మూడు నాలుగు లక్షల మందితో నడిచిన ఆ సైన్యం ఏ అజ్ఞాత పోలిష్ వ్యవస్థలో భాగమో అదే వ్యవస్థలో, యూదులను దాచి కాపాడేందుకు 1942లో ‘జెగోటా’ అనే సహాయ మండలి కూడా ఏర్పడింది. ఉన్నదాన్ని చూపినందుకు కాక, జర్మన్ సైనికులను దారితప్పిన పిల్లలుగా, పోలిష్ యోధులను కరడుగట్టిన ద్వేషులుగా పక్కపక్కన నిలిపినందుకే ఆ నాటకాన్ని తప్పుపట్టాలని నా అభిప్రాయం. పోలెండ్‌కు అంతగా నొప్పి కలగడానికి ఇంకో కారణమూ ఉంది. ఆ యోధులను సొంత దేశపు టీవీ సైతం దశాబ్దాల పాటు పక్కన పెట్టింది.

లండన్‌లోని ప్రవాస ప్రభుత్వానికి విధేయులైన ఆ సైనికుల్లో చాలామందిని 1945 తరువాత కమ్యూనిస్టు ప్రభుత్వం జైళ్లలో పెట్టింది. వారిని వీరులుగా చూపే వీలు లేకపోవడంతో, 1960ల చివర పోలిష్ టీవీ ప్రేక్షకులకు దొరికిన కథానాయకుడు హాన్స్ క్లోస్. జర్మన్ అధికారి వేషంలో సోవియట్ గూఢచారి దళానికి పనిచేసే ఆ పాత్ర 18 భాగాల ధారావాహికలో ఎప్పుడూ చెదరని క్రాపుతో, ఎప్పుడూ ఓడని తెలివితో కనిపిస్తుంది. యుగోస్లావియాలో 1974లో వచ్చిన ‘ఒత్‌పిసాని’ బెల్‌గ్రేడ్ నగరంలోని అజ్ఞాత యువకులను చమత్కారులుగా, సాహసప్రియులుగా తీర్చింది. బ్రిటన్ నుంచి విమానాల్లో వచ్చి ప్యారాచూట్లతో దిగిన, ఆ పోలిష్ రహస్య సైన్యానికే చెందిన 316 మంది ‘చిహోచెమ్ని’ యోధుల నేపథ్యంతో పోలిష్ టీవీ ఒక పెద్ద ధారావాహికను నడపడానికి 2008 వరకు ఆగవలసి వచ్చింది.

ఫ్రాన్స్‌ది మరో రకం మౌనం. 1944 ఆగస్టు 25న డీగాల్, పారిస్ తనను తాను విముక్తం చేసుకుందని ప్రకటించాడు. దేశమంతా ప్రతిఘటించిందన్న ఆ గాథకు, క్లెర్మాఁ-ఫెరాఁ పట్టణంలో ఆక్రమణ కాలం నాటి జీవితంపై మార్సెల్ ఓఫల్స్ 1969లో టీవీ కోసం తీసిన సుదీర్ఘ డాక్యుమెంటరీ గండి కొట్టింది. ఫ్రెంచి టీవీ దాన్ని 1981 వరకు ప్రసారం చేయలేదు.

వీరుడికీ ద్రోహికీ మధ్య గీత చెరిగిపోయే మసకదనాన్ని నాటక రూపంలో ముందుగా పట్టుకున్నది బీబీసీ, బెల్జియం టీవీ కలిసి నిర్మించిన ‘సీక్రెట్ ఆర్మీ’. కూలిన విమానాల నుంచి బతికిబయటపడిన వైమానికులను బ్రసెల్స్ నుంచి దాటించే ఒక రహస్య బృందం కథ ఇది. దీనికి ఆధారం ‘కామెట్ లైన్’. 1941లో ఆ మార్గాన్ని నెలకొల్పినప్పుడు ఆంద్రే ద యాంగ్ అనే యువతికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆమె పిరనీస్ కొండలను ఎన్నోసార్లు దాటి మనుషులను స్పెయిన్‌కు చేర్చింది, 1943 జనవరిలో పట్టుబడి నిర్బంధ శిబిరాల పాలైనా బతికి వచ్చింది. 1977లో మొదలైన ధారావాహిక తుపాకుల కంటే ఎక్కువగా దొంగ గుర్తింపు కార్డులను, రేషన్ కూపన్లను, తలుపు తట్టిన ప్రతిసారీ ఆగిపోయే ఊపిరిని చూపింది. బృందానికి అడ్డా అయిన రెస్టారెంటులో జర్మన్ అధికారులే నిత్య అతిథులు. వారికి వడ్డించక తప్పని యజమానిని ఇరుగుపొరుగు ద్రోహిగా చూస్తారు. అతడు లాభమూ చూసుకుంటాడు, ప్రాణాలూ కాపాడతాడు. ఆ ధారావాహిక ముగిసి అయిదేళ్లు తిరక్కుండానే అదే బీబీసీ ఈ కథను ఎగతాళి చేస్తూ ‘అలో అలో’ హాస్య ధారావాహికకు శ్రీకారం చుట్టింది. చాలా దేశాల్లో ఈ తరానికి అసలు కంటే ఆ వెక్కిరింతే బాగా గుర్తు.

ఫ్రెంచి టీవీ ఈ బాకీ తీర్చుకోవడానికి 2009 దాకా పట్టింది. ‘అన్ విలాజ్ ఫ్రాంసే’ జురా ప్రాంతంలోని ఒక కల్పిత పట్టణాన్ని తీసుకుని, 1940 జూన్ నుంచి మొదలుపెట్టి, 72 భాగాల్లో ఆక్రమణ కాలమంతా నడిపింది. చరిత్రకారుడు జాఁ-పియెర్ అజెమా దీనికి సలహాదారు. పట్టణ డాక్టరు మేయరై జర్మన్లతో రాజీపడుతూ జనాన్ని కాపాడుతున్నానని నమ్ముతాడు, అతడి కమ్యూనిస్టు తమ్ముడు కరపత్రాలు పంచుతాడు. ఒక జర్మన్‌ను చంపితే ఎంతమంది అమాయకులు బలవుతారన్న ప్రశ్నను ఈ ధారావాహిక తప్పించుకోలేదు. ఆ ప్రశ్న కల్పన కాదు. 1941 అక్టోబరు 20న నాంత్‌లో ఒక జర్మన్ సైనికాధికారిని కాల్చి చంపగా, రెండు రోజుల్లో 48 మంది బందీలను కాల్చేశారు. వారిలో షాతోబ్రియాఁ శిబిరానికి చెందిన 27 మంది, అందులో 17 ఏళ్ల గీ మోకే ఉన్నారు. గంటన్నర కథలో ఈ ధర్మసంకటం ఒక సన్నివేశంగా ముగుస్తుంది. ఏళ్ల తరబడి సాగే ధారావాహికలో మాత్రం చంపినవాడు మరునాడు ఆ బందీల తల్లుల ముఖాలు చూడవలసి వస్తుంది.

అన్ని చోట్లా ప్రయాణం ఈ దిశగా సాగలేదు. జపాన్‌ను ఎదిరించిన గెరిల్లాలపై చైనాలో కుప్పలుతెప్పలుగా వచ్చిన నాటకాల్లో వట్టి చేతులతో శత్రువును రెండుగా చీల్చే దృశ్యాలు చూసి ప్రేక్షకులే నవ్వుకోవడంతో, 2013లో అక్కడి నియంత్రణ సంస్థ ఇలాంటి అతిశయాలకు కళ్లెం వేయాల్సి వచ్చింది.

‘సీక్రెట్ ఆర్మీ’ కోసం చివరి భాగం ఒకటి తీసి పక్కన పెట్టారు. దాని కథ 1969లో జరుగుతుంది: తమపై తీస్తున్న ఒక టీవీ డాక్యుమెంటరీ కోసం బృందంలో మిగిలినవారు మళ్లీ పాత రెస్టారెంటులో కలుసుకుంటారు. చిత్రీకరణ పూర్తయిన ఆ భాగాన్ని బీబీసీ ఇంతవరకు ప్రసారం చేయలేదు.