"మా వంశంలో ఎవరికీ లేదండీ!" జన్యువులపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో జన్యు పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రిపోర్టు కోసం వచ్చేవాళ్ల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: "ఏడు తరాల్లో ఎవరికీ లేదు. మా బిడ్డకెలా వస్తుంది?"

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. తలసేమియా, సికిల్ సెల్ లాంటి జబ్బులు రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. ఒక్కరి నుంచే వస్తే ఆ మనిషి క్యారియర్, అంతే. బీటా తలసేమియా క్యారియర్‌కి మహా అయితే కాస్త రక్తం తక్కువగా ఉంటుంది. ఐరన్ మాత్రలు రాసిచ్చి పంపేస్తారు. అలా ఎవరికీ తెలియకుండానే తరాలు దాటిపోతుంది. ఇద్దరు క్యారియర్లకు పెళ్లయి, పిల్లలు పుట్టాకే బయటపడుతుంది. హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష పెళ్లికి ముందో, గర్భం వచ్చిన తొలి వారాల్లోనో చేయించుకుంటే చాలావరకు ముందే తెలుస్తుంది.

అపోహ: "నలుగురిలో ఒకరికే అన్నారుగా. పెద్దవాడికి వచ్చేసింది, ఇక భయం లేదు."

వాస్తవం: తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యేది 50 శాతం, రెండూ లేకపోవడం 25 శాతం. అన్నకు వచ్చిందని తమ్ముడికి మినహాయింపు ఉండదు. అన్నట్టు, తప్పంతా కోడలిదేనంటూ వచ్చే అత్తగార్లకు మేం కొడుకు రిపోర్టు కూడా చూపిస్తాం.

అపోహ: "మాది మేనరికం కాదు, సమస్యే లేదు."

వాస్తవం: మేనరికంలో రిస్కు పెరిగే మాట నిజమే. కానీ చుట్టరికం లేకపోయినా, వందల ఏళ్లుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగితే కొన్ని మార్పులు అక్కడే పోగుపడతాయి. ఆర్యవైశ్యుల్లో బ్యుటిరైల్‌కోలినెస్టరేస్ (ఒంట్లో కొన్ని మందులను విరగ్గొట్టే ఎంజైమ్) లోపం ఎక్కువగా కనిపించడం ఇలాంటిదే. రోజువారీ జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌లో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ లాంటి మందు ఇస్తేనే చిక్కు. కొద్ది నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు గంటల తరబడి పనిచేస్తుంది, అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు. మత్తు డాక్టర్‌కి ముందే ఒక్క మాట చెబితే వేరే మందు వాడతారు. ఇలాంటివి మిగతా కులాల్లోనూ ఉన్నాయి, ఇందులో చిన్నతనమేమీ లేదు.

అపోహ: "మ్యుటేషన్ అంటే జబ్బే."

వాస్తవం: మ్యుటేషన్ అంటే డీఎన్‌ఏ అక్షరాల్లో మార్పు, అంతే. డీఎన్‌ఏలో ఉన్నవి నాలుగే అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. ప్రొటీన్ కట్టేటప్పుడు కణం వాటిని మూడేసి చొప్పున చదువుతుంది. అలాంటి ముక్కలు 64. మూడు 'ఇక ఆపు' అని చెబుతాయి, మిగతా 61 కలిసి ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి 20 అమైనో ఆమ్లాలను సూచిస్తాయి. అంటే ఒకే ఆమ్లానికి రెండు మూడు ముక్కలుండొచ్చు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువులో ఒకచోట జీఏజీ ఉంటుంది. అది జీఏఏ అయినా వచ్చేది గ్లుటామిక్ ఆమ్లమే, ప్రొటీన్ మారదు. అదే జీటీజీ అయితే వేలిన్ వచ్చి కూర్చుంటుంది. సికిల్ సెల్‌కి మూలం ఆ ఒక్క అక్షరమే. కాబట్టి రిపోర్టులో 'వేరియంట్' (అంటే మార్పు) అని కనిపించగానే గూగుల్ చేసి టెన్షన్ పడకండి. ఏ అక్షరం, ఎక్కడ మారిందో అడగండి.

అపోహ: "మనుషుల కోడ్ వేరు, సూక్ష్మజీవుల కోడ్ వేరు."

వాస్తవం: చిన్న చిన్న తేడాలు పక్కనపెడితే అన్ని జీవులదీ ఒకటే కోడ్. బ్యాక్టీరియాలో మనిషి ఇన్సులిన్ తయారవుతున్నది అందుకే. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా వైరస్ జన్యువును ఈస్ట్‌లో పెట్టి చేసిందే.

అపోహ: "రక్తం ఎక్కించుకుంటే డీఎన్‌ఏ మారిపోతుంది."

వాస్తవం: మారదు. ఎర్ర రక్తకణాల్లో డీఎన్‌ఏ ఉండే కేంద్రకమే ఉండదు, దాత తెల్ల కణాలు కొద్దికాలానికే పోతాయి. ఎముక మజ్జ మార్పిడి సంగతి వేరు. ఆ తర్వాత రక్తంలో దొరికేది చాలావరకు దాత డీఎన్‌ఏనే. అప్పుడు చర్మం నుంచి శాంపిల్ తీసుకోవాల్సి వస్తుంది. ఫారంలో మజ్జ మార్పిడి గురించి అడిగే గడిని ఖాళీగా వదిలేయకండి.